నురగ కడగమని చెప్పని వ్యాసం

ఆ శనివారం పొద్దున పదింటికి హన్మకొండలోని మా పత్రిక ఆఫీసు ముందు ఒక ఆటో ఆగింది. అందులోంచి ముందు ఒక కుక్క దిగింది. దాని వెనుక డెబ్బై దాటిన ఒక పెద్దావిడ, ఆమె వెనుక యాభై ఏళ్ల కొడుకు దిగారు. నేను పై అంతస్తులో, జిల్లా ఎడిషన్ డెస్కులో ఉన్నాను. రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయి ఫోన్ చేసింది.

"అక్కా, మీ కోసం ఒక కుక్క వచ్చింది."

"కుక్క ఏంది? ఎవరి కుక్క?"

"నాకేం ఎర్క అక్కా. పేపర్ పట్టుకొచ్చిండ్రు, వ్యాసం వేసినోళ్లను పిలువుమంటాండ్రు. జర జల్ది రాండ్రి, అది మన సోఫాకు రాసుకుంటాంది."

మెట్లు దిగి చూశాను. అది నల్ల లాబ్రడార్ అని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం నల్లగా లేదు. ఒంటి నిండా తెల్లటి పొర ఎండి, పాత సున్నం గోడలా పెచ్చులు లేచి ఉంది. చంకల కింద, పొట్ట మీద చర్మం ఎర్రగా కమిలిపోయింది. అది నిలబడలేకపోతోంది, కూర్చోలేకపోతోంది. గోక్కుంటుంది, రెండడుగులు వేస్తుంది, మళ్లీ గోక్కుంటుంది. పెద్దావిడ చేతిలో గురువారం నాటి మా పేపరు మడతపెట్టి ఉంది.

"ఈ ముక్క వేసింది నువ్వేనా బిడ్డా?"

"మా పేపర్లోదే అమ్మా. రాసింది డాక్టరు గారు."

"ఎవరన్న రాయనియ్యి. నురగ పట్టించి అట్లనే ఉంచాలన్నరు. ఉంచినం. మొన్న పగటాల్ల సంది ఉంచినం. ఇంకెన్ని రోజులు ఉంచాల్నో చెప్పు. అది ఆగుతలేదు, మేం చూడలేకపోతున్నం."

పేపరు తీసుకుని చూశాను. దీర్ఘకాలంగా దురదతో బాధపడే కుక్కలకు ఇంట్లో ఎలా స్నానం చేయించాలన్న వ్యాసం. చివరి వాక్యం ఇలా ఉంది: 'డాక్టరు రాసిచ్చిన మందు షాంపూ నురగను ఒంటికంతా పట్టించి అలాగే ఉంచాలి.' అక్కడ ఫుల్‌స్టాప్. దాని కింద చీరల దుకాణం ప్రకటన, నవ్వుతున్న ముగ్గురు ఆడపిల్లలు.

ఆ ఫుల్‌స్టాప్ తర్వాత ఏముండాలో నాకు తెలుసు. పది నిమిషాల తర్వాత శుభ్రంగా కడిగేయాలని ఉండాలి. ఆ మాట ఉన్న నాలుగు లైన్లనూ కోయించింది నేనే.

"నీళ్లు! ముందు నీళ్లు!" అని అరిచాను. ఆఫీసులో నా అరుపు విన్నది అదే మొదటిసారని తర్వాత అందరూ అన్నారు. వెనక పార్కింగులో డ్రైవర్లు బండ్లు కడిగే నల్లా ఉంది. కుక్కను అక్కడికి నడిపించాం. పేజీలు పెట్టే డిజైనర్ ప్యాంటు మడిచాడు. సర్క్యులేషన్ సెక్షన్‌లో ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా నలగనివ్వని ఒకాయన రెండు బకెట్లు పట్టుకుని పరుగున వచ్చాడు. ఆ పాత పొర మీద నీళ్లు పడగానే మళ్లీ నురగ లేచింది! కడుగుతున్నకొద్దీ వస్తోంది. ఒక చేత్తో నీళ్లు పోస్తూ ఇంకో చేత్తో డాక్టరుకు ఫోన్ చేశాను.

"ఎన్ని బకెట్లయినయి?" అన్నాడు విషయం వినగానే.

"ఆరు సార్."

"ఇంకో ఆరు పొయ్యండి. నేను వస్తున్న. ముందు కడుగుదాం, తర్వాత తిట్టుకుందాం."

ఆయన స్కూటర్ మీద వచ్చేసరికి కుక్క నల్లబడింది. పూర్తిగా తడిసి, చెవులు వేలాడేసి, మొదటిసారి నేల మీద పడుకుంది. గోక్కోలేదు. మా అందరి బట్టలూ తడిసిపోయాయి. ఎందుకో అందరూ నవ్వుతున్నారు, ఒక్క నేను తప్ప.

నేను ఆ పత్రిక నుంచి రిటైరై కొన్నాళ్లవుతోంది. కొత్తగా డెస్కులో చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి, మీరు చూసిన పెద్ద వార్త ఏది మేడం అని అడుగుతుంటారు. ఎన్నికలు, వరదలు, ధర్నాలు చెబుతానని వాళ్ల ఆశ. నేను ఈ కుక్క సంగతే చెబుతాను. ఇందులో ఎవరి పేర్లూ చెప్పను. ఆఖరికి కుక్క పేరు కూడా రాయడం లేదు, ఎందుకంటే ఆ పేరు వింటే మట్టెవాడలో సగం మందికి అది ఎవరి కుక్కో తెలిసిపోతుంది.

పెంపుడు జంతువుల మీద వారానికొక వ్యాసం వేద్దామన్నది మా ఇన్‌చార్జి ఆలోచన. డాక్టరును వెతికింది నేను. ఆయన సర్కారు ఉద్యోగంలో వర్ధన్నపేట చుట్టుపక్కల ఊళ్లలో బర్రెలకూ గొర్రెలకూ వైద్యం చేసి, రిటైరయ్యాక హన్మకొండలో ఒక చిన్న గదిలో క్లినిక్ పెట్టుకున్నాడు. చర్చికి ఒక్క ఆదివారం కూడా తప్పని మనిషి. ప్రతి మంగళవారం రెండు కాగితాలు చేత్తో రాసి తెచ్చేవాడు. అక్షరాలు ముత్యాల్లా ఉండేవి. పని ఏ వరుసలో చేయాలో ఆ వరుసలోనే రాసేవాడు: ఇది చేయండి, తర్వాత ఇది, ఆ తర్వాత ఇది, చివరికి ఇది మాత్రం మరిచిపోవద్దు.

ఆ 'చివరికి' దగ్గరే చిక్కంతా ఉంది. మేం వార్తలవాళ్లం ముఖ్యమైనది మొదట పెడతాం, తక్కువ ముఖ్యమైనవి కిందికి నెడతాం. స్థలం చాలకపోతే కింది నుంచి కోస్తాం. చదవాల్సిన పని కూడా ఉండదు. ఏళ్ల తరబడి కత్తెర అలా అలవాటైపోతుంది. డాక్టరుకు ఈ సంగతి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. ఆయన వ్యాసానికి ప్రాణం తోకలో ఉంటుందని నాకు తెలిసి ఉండాల్సింది.

ఆ బుధవారం మధ్యాహ్నం పేజీ దాదాపు అయిపోయాక చీరల దుకాణం ప్రకటన పెరిగి వచ్చింది. డిజైనర్ తల తిప్పి అడిగాడు.

"అక్కా, కుక్కల డాక్టర్‌ది నాలుగు లైన్లు ఎక్కువైతాన్నయ్. ఏం చేద్దాం?"

నేను వేరే పేజీ దిద్దుతున్నాను. తల ఎత్తలేదు.

"కింద కొయ్యి."

జరిగింది అంతే. ఉద్యోగంలో నేను చేసిన తప్పులన్నింటిలోకీ చిన్నది అదే, రెండు మాటలు.

పార్కింగులో కుక్కను తుడుస్తుండగా డాక్టరు నా చేతిలోంచి పేపరు తీసుకుని చదివాడు. కళ్లజోడు పైకి నెట్టుకున్నాడు.

"చెల్లెమ్మా, నేను రెండు కాగితాలు రాసిన. అందుల కొయ్యడానికి మీకు ఇదే దొరికిందా?"

ఆయన జవాబు కోసం ఆగలేదు. కుక్క పక్కన గొంతుక్కూర్చుని చెవులు ఎత్తి చూశాడు, వేళ్ల సందులు విడదీసి చూశాడు, బ్లేడుతో చర్మం మీద రెండు మూడు చోట్ల గీరి గాజు పలకల మీద పెట్టుకున్నాడు. మందు నాకి ఉంటుందని నోరు కూడా చూశాడు. తర్వాత పెద్దావిడను అడగడం మొదలుపెట్టాడు.

వాళ్లది మట్టెవాడలో ఇత్తడి, స్టీలు సామాన్ల దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు. కుక్క మూడేళ్లుగా గోక్కుంటోంది. మొదట్లో మెకానిక్ ఒకాయన చెబితే కాలిన ఇంజనాయిలు పూశారు. అది నాకి రెండు రోజులు కక్కుకుంది. తర్వాత వేపాకు, పసుపు, కొబ్బరినూనె. తర్వాత మెడికల్ షాపులో అడిగి మనుషుల ఆయింట్‌మెంటు. తర్వాత ఎవరో వచ్చి సూది వేస్తే పదిహేను రోజులు బ్రహ్మాండంగా ఉండేది. పదహారో రోజు మళ్లీ మొదలు. అలా ఎన్ని సూదులయ్యాయో వాళ్లకే గుర్తు లేదు. చివరికి ఒక క్లినిక్‌లో ఈ మందు షాంపూ రాసిచ్చారు. దాన్ని ఎలా వాడాలో తెలియక బీరువాలో పెట్టారు. గురువారం మా వ్యాసం చూసి తీశారు.

"ఇప్పుడు నా మాట వినుండ్రి," అంది పెద్దావిడ. "మా మనుమని పెండ్లాం కాన్పుకు ఖమ్మం పోయింది, పుట్టింటికి. బాబుకు రెండు నెలలు. ఐదో నెల్ల ఇంటికొస్తది. అప్పటికి దీని గోకుడు తగ్గాలె. తగ్గకపోతే వర్ధన్నపేటల మావోళ్ల మక్కచేను కాడికి తోలుతా. పసిపిల్లగాడున్న ఇంట్ల ఈ గజ్జి నేను ఉంచుకోను."

కొడుకు తల వంచుకుని కుక్క చెవి తుడుస్తున్నాడు. దుకాణంలో గల్లాపెట్టె పక్కన రోజంతా దీన్ని కూర్చోబెట్టుకునే మనిషి. నెమ్మదిగా అన్నాడు.

"అక్కడ దీనికి స్నానం ఎవరు చేపిస్తరమ్మా? మందెవరు ఇస్తరు? గోక్కొని గోక్కొని పుండ్లయి చస్తది."

"చేను కాపలాకు కుక్కలుండయా? అన్నీ చస్తున్నయా?"

ఇక్కడ డాక్టరు కలగజేసుకున్నాడు. నాకు ఆ మాటలు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"అమ్మా, మీకు షుగరున్నదా?"

"ఉన్నది. ఎందుకు?"

"ఎన్నేండ్లయింది?"

"పన్నెండు."

"పోయిందా?"

"షుగర్ యాడికి పోతది సార్? గోలీలు మింగాలె, నడవాలె, అన్నం తక్కువ తినాలె."

"ఇది గూడ గంతే. దీనికి గజ్జి అనిపిస్తలేదు, టెస్టు చేసి చెప్త. ఇది అలర్జీ. ఒంటికి పడనిదేదో ఉన్నది. పూర్తిగ పోదు. కానీ ఇంట్ల మంచిగ చూసుకుంటే అదుపుల ఉంటది. సూదుల మీద సూదులు పొడిపిస్తే కుక్కనే పోతది."

పెద్దావిడ ఆయన్ను ఎగాదిగా చూసింది. "మూడు నెలలు చూస్త," అంది.

మా ఇన్‌చార్జి గదికి వెళ్లి సవరణ వేయాలని అడిగాను. అసలే తడి బట్టల్లో ఉన్నాను.

"మేడం, కుక్క స్నానం మీద సవరణ వేస్తే రేపు కార్పొరేటర్లు లైన్ కడతరు. కుక్కకేసిండ్రు, మాకెందుకు వెయ్యరంటరు."

"కార్పొరేటర్లకు నురగ పెట్టుకొమ్మని మనం చెప్పలేదు కద సార్."

ఆయన నవ్వాపుకోలేకపోయాడు. ఆదివారం పేజీలో పైభాగాన, పెట్టె కట్టి వేశాం. మొత్తం నాలుగు లైన్లూ పెట్టి, పొరపాటు మాదేనని రాశాను. ఆ రోజంతా ఫోన్లు. ఒకాయన తాను ఎప్పుడూ పేపర్ చెప్పినట్టు చేయనని, అందుకే తన కుక్క క్షేమంగా ఉందని గర్వంగా చెప్పాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నమే నేను మట్టెవాడ వెళ్లాను. ఎవరూ పిలవలేదు. డాక్టరు చర్చి నుంచి నేరుగా వచ్చాడు, తెల్ల చొక్కా, నల్ల బూట్లు. ఇంటి వెనక చిన్న వాకిలి, చుట్టూ గోడలకు గంగాళాలు, బిందెలు బోర్లించి ఉన్నాయి. కమిలిన చర్మం చల్లబడేదాకా మందు షాంపూ వద్దన్నాడు. మొదటి వారం వట్టి నీళ్లే. రెండో ఆదివారం అసలు పాఠం మొదలైంది.

వేన్నీళ్లు వద్దు, దురద పెరుగుతుంది. ముందు ఒళ్లంతా నానేలా తడపాలి. నురగ వీపు మీద కాదు, చంకల్లో, పొట్ట కింద, వేళ్ల సందుల్లో పట్టించాలి. పది నిమిషాలు. ఆ తర్వాత జారుడు పోయేదాకా కడగాలి. తుడిచేటప్పుడు రుద్దకూడదు, అద్దాలి. ఇదంతా కొడుకు చేస్తున్నాడు. పెద్దావిడ మాత్రం కుర్చీ దూరంగా వేసుకుని చూస్తోంది.

"పది నిమిషాలని ఎట్ల తెలుస్తది? గోడ గడియారం నాకు కనపడదు," అంది.

"మీరు రోజు జపం చేస్తరా అమ్మా?" అన్నాడు డాక్టరు.

"చేస్త. నూటెనిమిది పూసలు."

"ఒకసారి మాల తిప్పుండ్రి."

ఆమె తులసిమాల తిప్పింది. డాక్టరు చేతి గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు. కుక్క నురగలో నిలబడి ఆమెనే చూస్తోంది. మాల పూర్తయ్యేసరికి పదకొండు నిమిషాలు.

"సరిపోయింది. ఇగ గడియారంతో పని లేదు," అన్నాడు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో కుక్క స్నానానికి కాలం కొలిచే అధికారి ఆమే. ఎవరైనా ముందే నీళ్లు పోయబోతే, "ఇంకా ఇరవై పూసలున్నయ్, ఆగు!" అని గద్దించేది.

చర్మం పరీక్షలో గజ్జి పురుగు కనిపించలేదు. రెండోసారి గీరి చూసినా లేదు. ఇది అంటుకునే రోగం కాదు, బాబుకు భయం లేదని డాక్టరు చెప్పాడు. పెద్దావిడ నమ్మలేదు.

"నువ్వు మంచోనివే సార్. మా మనసు కోసం చెప్తవ్. పేపర్ల వెయ్యి, అప్పుడు నమ్ముత."

నేను ఆశ్చర్యపోయాను. పేపరు నమ్మి కుక్కను రెండు రోజులు నురగలో ఉంచిన మనిషి! మరుసటి గురువారం 'అలర్జీ దురద పిల్లలకు అంటుకుంటుందా?' అన్న వ్యాసం వేశాం. ప్రకటనల వాళ్లను ముందే బతిమాలి, ఒక్క లైనూ కోయకుండా చూసుకున్నాను. ఆదివారం వెళ్లేసరికి ఆమె దాన్ని మడతపెట్టి ఒళ్లో పెట్టుకుని ఉంది. అంటుకోదని, అయినా చర్మం చీము పట్టి ఉన్నప్పుడు పసిపిల్లలను దగ్గరికి రానివ్వొద్దని ఉంది అందులో. అంతా చదివి, వేలితో చివరి లైను చూపించింది.

"దీని కింద ఏమన్న కోసినవా బిడ్డా?"

"లేదమ్మా. ఒట్టు."

"అయితే సరే," అంది.

ఇక అసలు వేట ఇప్పుడు మొదలైంది. పడనిదేమిటో కనుక్కోవాలి! ఊహించొద్దు, రాసిపెట్టండి అన్నాడు డాక్టరు. గోడ మీద క్యాలెండరులో ఏ రోజు ఎన్నిసార్లు గోక్కుంటే ఆ గడిలో అన్ని గీతలు. పెన్సిలు పెద్దావిడ చేతిలో ఉంది. మొదటి వారంలో కొన్ని గడులు గీతలతో నల్లబడిపోయాయి. ఒంటికి పిడుదులు, గోమార్లు లాంటి పురుగులు పట్టకుండా మందు వేశారు. తిండి మార్చారు. డాక్టరు చెప్పినది తప్ప ఎనిమిది వారాలు ఇంకేదీ పెట్టొద్దన్నాడు, రొట్టె ముక్క కూడా.

మూడు వారాలు గడిచాక ఒక ఆదివారం నేను ఆ క్యాలెండరు ముందు నిలబడ్డాను. అచ్చుకు వెళ్లే పేజీ చూసినట్టు చూస్తున్నాను. గీతలు ఒకేలా లేవు. ఒక వారం బుధ, గురువారాలు నల్లగా ఉన్నాయి. ఇంకో వారం శుక్ర, శనివారాలు. మరో వారం సోమ, మంగళవారాలు. మధ్యలో తెల్లటి గడులు.

"ఈ బుధవారం ఏమైంది?" అని అడిగాను.

"ఏం కాలే మేడం," అన్నాడు దుకాణదారు. "మామూలే. మాల్ దిగింది."

"ఈ శుక్రవారం?"

ఆయన ఆలోచించాడు. "శుక్రవారం... మాల్ దిగింది."

"సోమవారం?"

నేనూ ఆయనా పెద్దావిడా ఒకేసారి వెనక గోదాము వైపు తిరిగాం. సామాను గీతలు పడకుండా పెట్టెల్లో ఎండుగడ్డి కుక్కి పంపిస్తారు. పెట్టెలు విప్పాక ఆ గడ్డి మూలన కుప్ప పోస్తారు. ఆ కుప్ప మధ్యలో, కుక్క శరీరం అచ్చు గుద్దినట్టు, ఒక మెత్తటి గుంత!

నేను ఎన్నో వార్తలు పట్టుకున్నాను. ఒళ్లు అంతగా జలదరించింది మాత్రం ఆ గడ్డి కుప్ప ముందే. డాక్టరుకు ఫోన్ చేసి గడ్డి గడ్డి అని అరిచాను. "దుమ్ము, బూజు, కంటికి కనపడని పురుగులు. కావచ్చు," అన్నాడు ఆయన తాపీగా. "తీసి చూడుండ్రి. కానీ దొంగ దొరికిండని సంబరపడకుండ్రి చెల్లెమ్మా. ఇది ముఠా పని."

ఆ సాయంత్రమే గడ్డి అంతా బయటికి పోయింది. పెట్టెలు వీధిలోనే విప్పడం మొదలుపెట్టారు. కుక్కకు ఉతికే దుప్పటి పరిచారు. పది రోజుల్లో గీతలు సగానికి పడిపోయాయి. దుకాణదారు ఆఫీసుకు మిఠాయి పంపాడు. డెస్కంతా పంచుకు తిన్నాం.

పదిహేనో రోజు చెవులు మళ్లీ ఎర్రబడ్డాయి.

డాక్టరు వచ్చి కుక్కను చూడలేదు, మనుషులను చూశాడు. "ఏం పెడుతున్నరు?" అన్నాడు. అందరూ ఏమీ లేదన్నారు. ఆయన పెద్దావిడ ఎదుట కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"చాయ్‌ల ముంచి ఒక్క బిస్కెట్," అంది ఆమె చివరికి. "పొద్దుగాల నేను చాయ్ తాగుతుంటే వచ్చి మోకాలు మీద తలకాయ పెడ్తది. ఏం చెయ్యాలె మరి?"

కొడుకు నోరు తెరిచాడు. "నువ్వా అమ్మా? చేను కాడికి తోలుతానన్నదానివి!"

"తోలుతానన్న. ఆకలితోని చంపుతాననలే గద!"

డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. నవ్వు దాచుకోవడానికని నా అనుమానం. తిండి లెక్క మళ్లీ మొదటి రోజు నుంచి మొదలైంది. అయితే అప్పటి నుంచి ఆ కుక్కకు ఆ ఇంట్లో కొత్త వకీలు దొరికింది. దుకాణానికి వచ్చినవాళ్లెవరైనా ఏదైనా పెట్టబోతే, "పెట్టకుండ్రి, దానికి పథ్యం!" అని లోపల్నుంచి కేక వినపడేది.

ఐదో నెల వచ్చింది. గీతలు రోజుకు నాలుగైదుకు దిగాయి. ఒక ఆదివారం ఉదయం ఖమ్మం నుంచి మనవడి భార్య బాబుతో వస్తోందని నన్నూ పిలిచారు. నేను వెళ్లేసరికి ఇల్లు తళతళలాడుతోంది. గడపకు పసుపు, వాకిట్లో ముగ్గు, హారతి పళ్లెం సిద్ధంగా ఉంది. ఘాటైన వాసన కూడా వస్తోంది. పసిపిల్లవాడు వస్తున్నాడని తెల్లవారుజామున ఇల్లంతా ఫినాయిలుతో కడిగించిందట పెద్దావిడ.

ఆ తడి నేల మీదే కుక్క పడుకుంది.

వాకిట్లోకి వెళ్తే అది గుండ్రంగా తిరుగుతూ పొట్ట కొరుక్కుంటోంది. పొట్ట, తొడల లోపలి భాగం దానిమ్మ గింజల్లా ఎర్రగా ఉన్నాయి. మూడు నెలల కష్టం వృథా, అదీ ఈ రోజే! బాబు ఇంకో అరగంటలో వస్తాడు. దుకాణదారు తన తల్లి వంక చూడటానికి కూడా భయపడుతున్నాడు. డాక్టరుకు ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. చర్చిలో ఉంటాడు. మళ్లీ చేశాను, ఎత్తలేదు.

పెద్దావిడ కుక్కను చూసింది. తడి నేలను చూసింది.

"ఫినాయిల్‌తోని కడిగించింది నేనే," అంది. "తప్పు నాది. బిడ్డా, డాక్టర్ ఎత్తుతలేడు. నువ్వు చెప్పు. ఏం చెయ్యాలె?"

ఆయన వ్యాసాలన్నీ నా చేతి మీదుగానే వెళ్లాయి. ఈసారి చివరి లైను దాకా గుర్తుంది. "వట్టి నీళ్లమ్మా. చల్లటివి. పొట్ట, కాళ్లు. చాలాసేపు."

"ఎంతసేపు?"

"సగం మాల," అన్నాను. నోటికి అదే వచ్చింది.

ఆమె పట్టుచీర కుచ్చిళ్లు బొడ్లో దోపుకుంది. ఇన్నాళ్లూ కుర్చీలోంచి దిగని మనిషి కుక్క పక్కన కూర్చుని చెంబుతో పొట్ట మీద నీళ్లు పోయడం మొదలుపెట్టింది. కొడుకు దాని తల పట్టుకున్నాడు. నేను మాల పట్టుకుని పూసలు లెక్కపెట్టాను, జపం రాకపోయినా. ముప్ఫై పూసల దగ్గర బయట కారు హారన్ మోగింది.

"వచ్చిండ్రు! అమ్మా, హారతి!" అని ముందు నుంచి ఎవరో కేకేశారు.

"ఆగమనుండ్రి! ఇంకా అయిపోలే!" అని ఇటు నుంచి ఆమె కేకేసింది.

ఖమ్మం నుంచి వచ్చిన అమ్మాయి చంటివాణ్ణి ఎత్తుకుని గడప బయట నిలబడింది. లోపల ఒక కుక్కకు స్నానం జరుగుతోందని, అది అయ్యేదాకా ఆగాలని ఆ అమ్మాయికి ఎవరు చెప్పారో, ఎలా చెప్పారో తెలియదు. యాభై నాలుగో పూస దగ్గర ఆపాను. కుక్క కొరుక్కోవడం ఆపి ఆయాసంగా నాలుక చాచింది. పెద్దావిడ చేతులు తుడుచుకుని, మోకాళ్ల దాకా తడిసిన చీరతోనే వెళ్లి హారతి ఇచ్చింది. వచ్చిన అమ్మాయి ఆ చీర వంక చూసి ఏదో అడగబోయింది.

"తర్వాత చెప్త. ముందు కుడికాలు పెట్టు," అంది ఆమె. లోపలికి తీసుకొచ్చాక బాబును దూరం నుంచే కుక్కకు చూపించింది. "ఇగో, మీ తమ్ముడు. దగ్గరికి ఇప్పుడే రాకు. రేపు చూద్దాం."

మక్కచేను మాట ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. మధ్యాహ్నం డాక్టరు ఫోన్ చేసి, జరిగింది విని, "సరిగ్గనే చేసిండ్రు," అన్నాడు. నా ఉద్యోగంలో నన్ను ఎవరైనా మెచ్చుకున్నది అంత సంతోషంగా నేనెప్పుడూ వినలేదు.

బాబు ఇప్పుడు పరుగెత్తుతున్నాడు. కుక్క ఆ ఇంట్లోనే ఉంది. గడ్డి లేదు, ఫినాయిలు లేదు, చాయ్ బిస్కెట్ లేదు. వారం వారం స్నానం జరుగుతూనే ఉంది, దురద ఎక్కువైన రోజుల్లో డాక్టరు ఇచ్చిన గోలీ కూడా. క్యాలెండరులో చాలా గడులు ఖాళీగానే ఉంటున్నాయి. కానీ వానలు మొదలైతే చాలు, అది ముందు కాలు ఒకటి నాకడం మొదలుపెడుతుంది, ఎప్పుడూ ఎడమదే. డాక్టరు ఆ కాలును ఎన్నిసార్లు చూశాడో లెక్క లేదు. కుడికాలు ఎందుకు కాదో, ఎడమ కాలే ఎందుకో ఇప్పటికీ ఆయనకూ తెలియదు, మాకూ తెలియదు.